7,000 రూపాయల లోపు నాలుగడుగుల అక్వేరియానికి కలప స్టాండ్: ఒక కేస్ స్టడీ

కాకినాడలో ఒక అద్దె ఇంటి మొదటి అంతస్తులో ఉంటున్న ఉపాధ్యాయుడి కోసం మా వడ్రంగి షెడ్డులో తయారు చేసిన అక్వేరియం స్టాండ్ వివరాలు ఇవి. ట్యాంకు అప్పటికే ఆయన దగ్గర ఉంది. దాని పొడవు 4 అడుగులు, వెడల్పు అడుగున్నర, ఎత్తు అడుగున్నర. స్థానికంగా సిలికాన్‌తో అతికించిన 10 మిల్లీమీటర్ల గాజు ట్యాంకు అది. సామగ్రి ఖర్చు 7,000 రూపాయలు దాటకూడదని, కింద బకెట్టు, ఫిల్టరు పట్టే ఖాళీ ఉండాలని, ఇల్లు మారేటప్పుడు ఇద్దరు మనుషులు మోయగలగాలని ఆయన కోరారు. ఈ మూడు షరతులకు నాలుగోదాన్ని నేనే చేర్చాను. ఆ ఇంట్లో మొజాయిక్ గచ్చును రోజూ తడిగుడ్డతో తుడుస్తారు కనుక, స్టాండ్ కాళ్లకు రోజూ నీరు తగులుతుందన్న సంగతిని మొదటి నుంచే లెక్కలోకి తీసుకోవాలి.

స్టాండ్ అనగానే అందరూ ముందు బరువు గురించే అడుగుతారు కాబట్టి ఆ లెక్కతోనే మొదలుపెడతాను. ఒక ఘనపుటడుగు నీరు 28.3 కిలోలు తూగుతుంది. ట్యాంకు పై అంచుకు రెండు అంగుళాల కిందివరకు నింపితే లోపలి పరిమాణం 8 ఘనపుటడుగులు, అంటే దాదాపు 226 లీటర్లు. అడుగున రెండు అంగుళాల మందాన పరిచిన గులకరాళ్లు సుమారు 45 కిలోలు ఉంటాయి, అవి ఆక్రమించిన మేరకు నీరు తగ్గి 210 కిలోల దగ్గర నిలుస్తుంది. గాజు విషయానికి వస్తే, 10 మిల్లీమీటర్ల మందంలో చదరపు మీటరుకు 25 కిలోల చొప్పున, అడుగు భాగానికీ నాలుగు పక్కలకూ కలిపి 52 కిలోలు వచ్చింది. అలంకరణ రాళ్లు, మూత, దీపం, ఫిల్టరు కలిపి మరో 20 కిలోలు అనుకుంటే మొత్తం 327 కిలోలు అవుతుంది. లెక్క సులువుగా ఉండడానికి, కాస్త భద్రంగా ఉండడానికి 340 కిలోలుగా తీసుకున్నాను.

ఈ అంకె వినగానే చాలామంది నాలుగంగుళాల చదరపు కాళ్లు వేయమంటారు. అది డబ్బు దండగ. మేము వాడిన కాలు 88 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల మందం ఉంది, అంటే దాని అడ్డుకోత 4,400 చదరపు మిల్లీమీటర్లు. నాలుగు కాళ్లకు సమానంగా పంచితే ఒక్కో కాలిపై 85 కిలోలు, అంటే చదరపు మిల్లీమీటరుకు 0.2 న్యూటన్ల కంటే తక్కువ ఒత్తిడి పడుతుంది. నార దిశలో నిలువుగా నిలబెట్టిన గట్టి కలప దీనికి ఇరవై రెట్లకు పైగా భరిస్తుంది. గచ్చు ఎగుడుదిగుడుగా ఉండి రెండు కాళ్లే బరువంతా మోయాల్సి వచ్చినా కాలు నలగదు. మరమ్మతు కోసం నా దగ్గరకు వచ్చిన అక్వేరియం స్టాండ్లలో కాళ్లు నలిగి పాడైనది ఒక్కటీ లేదు. కొన్ని పక్కకు ఊగి కీళ్లు వదులయ్యాయి, కొన్నింటిలో పార్టికల్ బోర్డు తడిసి ఉబ్బింది, కొన్నింటి పైభాగం మెలి తిరిగి ట్యాంకు అడుగు గాజు చిట్లింది. అందుకే ఈ పనిలో డబ్బును కాళ్ల లావు మీద కాకుండా ఊపును ఆపడం మీద, పైభాగపు సమతలం మీద, తడి నుంచి రక్షణ మీద పెట్టాలని నిర్ణయించాను. తరువాత తీసుకున్న ప్రతి నిర్ణయమూ దీని నుంచే వచ్చింది.

కలప కోసం కొత్త సైజులు కొనే ఆలోచనను మొదటే పక్కన పెట్టాము. కూల్చిన పాత ఇళ్ల సామాను అమ్మే దుకాణంలో నల్లమద్ది ద్వారబంధాలు రెండు 2,300 రూపాయలకు దొరికాయి. అవి నాలుగంగుళాలకు రెండున్నర అంగుళాల కొలతవి. వాటిని కొనడంలో చవక ఒక్కటే కారణం కాదు. ఏళ్ల తరబడి గోడలో ఉండి ఆరిన కర్ర ఇక అంతగా వంకర తిరగదు, కొత్తగా కోసిన చవక కర్ర మాత్రం వానాకాలం ఒక తీరుగా, వేసవి ఒక తీరుగా ఉంటుంది. అక్వేరియం కింద అటువంటి కదలిక పనికిరాదు. టేకు దొరికితే మంచిదే, కానీ పాత టేకు ధరకు ఈ బడ్జెట్ నిలవదు, పైగా ఈ పనికి టేకు నాజూకుతనం అవసరమూ లేదు.

పాత కర్రను ఎంచుకునేటప్పుడు చూడవలసిన చోటు గడపకు దగ్గరగా ఉన్న కింది కొస. చెద, తడి రెండూ ముందు అక్కడే మొదలవుతాయి. స్క్రూడ్రైవరు మొన గట్టిగా గుచ్చితే మెత్తగా దిగిపోయినంత మేర కోసి పారేయాలి. సుత్తితో తట్టినప్పుడు డొల్ల చప్పుడు వచ్చినా, సన్నని రంధ్రాల నుంచి పిండిలాంటి పొడి రాలినా ఆ ముక్కను ముట్టుకోవద్దు, ఎందుకంటే పుచ్చు ఒక ముక్కతో ఆగదు. మా రెండు బంధాల నిలువు కమ్ములకు కింది కొసన ఐదారు అంగుళాలు పోయాయి, మిగిలినదంతా శుభ్రంగా ఉంది. తరువాత అయస్కాంతంతో పొడవునా వెతికి మేకులన్నీ లాగాము. కర్రలో దాగిన ఒక్క మేకు కోత మిల్లు రంపపు పళ్లను విరగ్గొడితే మిల్లువాడు వసూలు చేసే మొత్తంతో మిగిలిందంతా పోతుంది. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కనుక దానిని గీకేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకున్నాము, రాలిన పెచ్చులను గుడ్డపై పోగుచేసి విడిగా కట్టాము.

మిల్లులో తలుపు ఆనే గాడి ఉన్న వైపు కోయించి, నాలుగు వైపులా చిత్రిక పట్టించగా మూడున్నర అంగుళాలకు రెండంగుళాల కమ్ములు వచ్చాయి. కోతకు ముందు ఏ ముక్క ఎక్కడి నుంచి వస్తుందో సుద్దతో గీసుకోవడం ఈ స్థాయి బడ్జెట్‌లో చాలా ముఖ్యం. ఏడడుగుల నిలువు కమ్మి నుంచి చెడిన కొస పోగా 78 అంగుళాలు మిగిలింది. మొదటి రెండింటిలో ఒక్కోదాని నుంచి 48 అంగుళాల పై కమ్మి ఒకటి, ఇరవై ఆరున్నర అంగుళాల కాలు ఒకటి తీశాము. తక్కిన రెండింటిలో ఒక్కోదాని నుంచి 41 అంగుళాల కింది కమ్మి ఒకటి, కాలు ఒకటి వచ్చాయి. పాత బంధాల పై అడ్డకమ్మికి గోడలోకి చొచ్చుకునే కొమ్ములు ఉండడం వల్ల అవి నాలుగడుగులకు పైనే ఉన్నాయి, వాటి నుంచి 14 అంగుళాల అడ్డు ముక్కలు కావలసిన ఐదూ దక్కాయి. ఇలా ముందే సరిచూడకుండా కోసి ఉంటే మూడో బంధం కొనవలసి వచ్చేది.

ఇప్పుడు పై కమ్మిని ఎలా పెట్టాలన్న విషయం. దీనిని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో స్వయంగా చేసుకునేవారు ఎక్కువగా ఇక్కడే కర్రను వృథా చేస్తారు. కమ్మిని వెడల్పుగా పడుకోబెడితే చూడడానికి ట్యాంకుకు ఆనిక ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ వంగకుండా నిలిచే శక్తి కమ్మి వెడల్పుతో నేరుగా పెరిగితే, నిలువు లోతుతో ఘనంగా పెరుగుతుంది, అంటే లోతు రెట్టింపైతే ఎనిమిది రెట్లు అవుతుంది. రెండు కాళ్ల మధ్య ఖాళీ 41 అంగుళాలు. ముందు కమ్మిపై సగం బరువు, 170 కిలోలు, సమంగా పరచి ఉంటుంది. పాత కలప కనుక స్థితిస్థాపకతకు, అంటే వంపును ఎదిరించే గుణానికి, చదరపు మిల్లీమీటరుకు 9,000 న్యూటన్లు అన్న తక్కువ విలువ తీసుకున్నాను. ఆ ప్రకారం కమ్మిని మూడున్నర అంగుళాల వైపు నిలువుగా నిలబెడితే మధ్యలో 0.8 మిల్లీమీటరు వంగుతుంది, అదే కమ్మిని పడుకోబెడితే రెండున్నర మిల్లీమీటర్లు వంగుతుంది. ఒకే కర్ర, ఒకే ఖర్చు, తేడా మూడు రెట్లు. పైగా ఎప్పుడూ దిగని బరువు కింద కలప నెలల తరబడి మెల్లగా ఇంకొంత సాగుతుంది. మొదటి రోజు వంపు కాలక్రమంలో రెట్టింపు కావచ్చని అనుకుని చూస్తే, నిలబెట్టిన కమ్మి ఒకటిన్నర మిల్లీమీటరు దగ్గర ఆగుతుంది, పడుకోబెట్టినది ఐదు మిల్లీమీటర్లకు పోతుంది. గాజు అడుగు కింద ఐదు మిల్లీమీటర్ల వంపును నేను ఒప్పుకోను.

ముందు వైపు మధ్యలో ఐదో కాలు పెడితే ఈ లెక్క అంతా అనవసరం. మద్దతుల మధ్య దూరం సగమైతే వంపు పదహారో వంతుకు పడిపోతుంది. కాని బకెట్టు పట్టాలన్న షరతు ఉంది, 0.8 మిల్లీమీటరు చాలినంత తక్కువ, అందువల్ల మధ్య కాలు లేకుండానే ముందుకు వెళ్లాను.

పై కమ్మిని కాలి పక్కన స్క్రూలతో వేలాడదీయకుండా నేరుగా కాలి నెత్తిన కూర్చోబెట్టాము. ట్యాంకు బరువు కమ్మిలోకి, కమ్మి నుంచి కాలిలోకి, కాలి నుంచి గచ్చులోకి కర్ర మీద కర్రగా దిగిపోవాలి. స్క్రూలు ముక్కలను చోటు కదలకుండా పట్టి ఉంచడానికే గాని బరువు మోయడానికి కాదు. కాలి నెత్తికీ కమ్మికీ మధ్య రెండేసి కొయ్య చీలలు జిగురుతో దించాము. కింది చట్రాన్ని నేలకు మూడంగుళాల పైన కాళ్ల మధ్య బిగించాము. చట్రం మొత్తం నేలకు ఆనితే బరువు పంచుకుంటుందని కొందరు వాదిస్తారు. గచ్చు అద్దంలా ఉన్నచోట అది నిజమే, కాని తూము వైపు వాలు ఉన్న పాత మొజాయిక్ మీద పొడవాటి కమ్మి ఎక్కడో రెండు చోట్ల మాత్రమే ఆనుతుంది. నాలుగు కాళ్ల కింద సర్దుకోవడం తేలిక, కింద తడిగుడ్డ తిప్పడమూ తేలిక.

నల్లమద్ది రాయిలాంటి కర్ర. ముందుగా సన్నని రంధ్రం వేయకుండా స్క్రూ ఎక్కిస్తే స్క్రూ తల తెగుతుంది, లేదా కర్ర కొస చీలుతుంది. ప్రతి స్క్రూకూ డ్రిల్లుతో దారి తీసి, మరలకు కొవ్వొత్తి మైనం రుద్ది బిగించాము. నల్లని డ్రైవాల్ స్క్రూలు చవకే గాని పెళుసు, పైగా కాకినాడ ఉప్పుగాలికి, అక్వేరియం తడికి త్వరగా తుప్పు పడతాయి. అందుచేత ఈ ఒక్క చోట పిసినారితనం వదిలి స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు తీసుకున్నాము, వాటికి 350 రూపాయలైంది.

చట్రం అంతవరకు బిగించాక చేత్తో పక్కకు తోస్తే కొద్దిగా ఊగింది. ఊగడం సహజమే, నాలుగు కాళ్లు, వాటిని కలిపే కమ్ములు ఎంత గట్టి కర్రవైనా మూల దగ్గర కోణం మారకుండా ఆపలేవు. మూత, అడుగు తీసేసిన అట్టపెట్టెను ఎంత సులువుగా అణచగలమో, ఒక్క అడుగు అతికించగానే అది ఎంత బిగుసుకుంటుందో అందరికీ తెలుసు. ఇక్కడ ఆ పని చేసింది ప్లైవుడ్. ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ షీటు ఒకటి, 8 అడుగులకు 4 అడుగులది, 2,750 రూపాయలకు కొన్నాము. మొత్తం ఖర్చులో అతి పెద్ద పద్దు ఇదే, సమర్థించుకోవడానికి నాకు ఏమాత్రం సంకోచం లేని పద్దు కూడా ఇదే. ఐఎస్ 303 కింద అమ్మే ఎంఆర్ రకం మూడో వంతు తక్కువకు వచ్చేదేమో గాని, అది గాలిలో తేమకు తట్టుకునేదే తప్ప పదేపదే ఒలికే నీటికి కాదు.

ఒక్క షీటు మొత్తం పనికి సరిపోయేలా స్టాండ్ ఎత్తును నిర్ణయించాము. షీటు నాలుగడుగుల వెడల్పును పొడవునా చీల్చి 18 అంగుళాల పట్టీ ఒకటి, 27 అంగుళాల పట్టీ ఒకటి తీశాము. మిగిలే మూడంగుళాల బద్ద రంపం తినే మందాన్ని కూడా మింగేసింది. 18 అంగుళాల పట్టీని మధ్యకు కోస్తే నాలుగడుగుల పలకలు రెండు వచ్చాయి, వాటిని ఒకదానిపై ఒకటి జిగురుతో అతికిస్తే 24 మిల్లీమీటర్ల పైపలక తయారైంది. 27 అంగుళాల పట్టీ నుంచి నాలుగడుగుల వెనుక పలక, 18 అంగుళాల చొప్పున రెండు పక్క పలకలు వచ్చి, ఇంకా 12 అంగుళాల ముక్క మిగిలింది. దానిని త్రికోణాలుగా కోసి, తెరిచి ఉన్న ముందు వైపు పై మూలల్లో లోపలి నుంచి బిగించాము. వెనుక, పక్క పలకలను మెరైన్ ఫెవికాల్ రాసి, ఆరంగుళాలకు ఒక స్క్రూ చొప్పున కాళ్లకూ కమ్ములకూ కలిపి బిగించిన తరువాత, స్టాండ్ ఒక మూలను పట్టి ఎత్తితే మిగతా మూలలు కూడా ఒక్క ముక్కలా లేచాయి. వెనుక పలకలో గాలిపంపు గొట్టానికి, కరెంటు తీగలకు పై వైపున ఒక రంధ్రం తీశాము. ఆ రంధ్రానికి స్థలం వెతికేటప్పుడు మూలలకు దూరంగా ఉండాలి, పలక పనిచేసేది ఎక్కువగా అక్కడే.

జిగురు ఆరేలోగా మూలమట్టంతో మూలలు చూడడమే కాక, ఎదురెదురు మూలల మధ్య దూరాన్ని టేపుతో కొలిచి రెండూ సమానమని నిర్ధారించుకున్నాము. పైపలక వేయకముందు చట్రం నాలుగు మూలల మీదుగా రెండు దారాలను ఏటవాలుగా బిగించి లాగి చూశాము. రెండు దారాలు మధ్యలో ఒకదానినొకటి అంటీ అంటనట్టు తాకితే పైభాగం ఒకే సమతలంలో ఉన్నట్టు, వాటి మధ్య సందు ఉన్నా, ఒకటి మరొకదాన్ని నొక్కినా చట్రం మెలి తిరిగినట్టు. ఒక మూలన ఎక్కువగా ఉన్న కాస్త మందాన్ని చిత్రికతో తీసేశాము. రసమట్టం ఒక అంచు వాలును చెబుతుంది గాని మెలికను వెంటనే పట్టించదు, దారం పట్టిస్తుంది. గాజుకు వాలు కంటే మెలిక ప్రమాదం. కొద్దిగా వాలితే నీటిమట్టం ఒక పక్క ఎక్కువ కనిపిస్తుంది అంతే, మెలి తిరిగితే మాత్రం అడుగు గాజు ఒక మూలన గాలిలో నిలిచి సిలికాన్ అతుకును రోజంతా లాగుతూ ఉంటుంది.

రంగు పని గురించి చెప్పవలసింది తక్కువే. ప్రైమరు ఒక పూత, ఎనామిల్ రెండు పూతలు వేశాము. అయితే ప్లైవుడ్ నీటిని తాగేది ముఖం నుంచి కాదు, కోసిన అంచు నుంచి, కర్ర తాగేది కాలి అడుగు నుంచి. కాబట్టి ప్లైవుడ్ అంచులన్నింటికీ ముందు జిగురు పూసి ఆరనిచ్చి, ఆపైన రంగు వేశాము. కాళ్ల అడుగులను పళ్లెంలో పోసిన ఎనామిల్‌లో నిలబెట్టి, ఇంకినంత ఇంకనిచ్చి, తరువాత రబ్బరు మెత్తలు అంటించాము. బయట రంగు ఎంత మెరిసినా ఈ రెండు చోట్ల తప్పితే స్టాండ్ ఆయుష్షు తగ్గుతుంది.

ఇంట్లో స్థానం ఎంచుకోవడం కూడా నా పనిలో భాగంగానే భావించాను. భవనాలపై పడే భారాలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం నివాస గదుల స్లాబును చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 200 కిలోల బరువుకు లెక్కిస్తారు. మన ట్యాంకు అడుగు వైశాల్యం 0.56 చదరపు మీటరే గనుక, ఆ చోటు వరకు చూస్తే భారం చదరపు మీటరుకు 600 కిలోలు దాటుతుంది. దీనర్థం స్లాబు కూలుతుందని కాదు, ఆ ప్రమాణం గది అంతటా పరచిన బరువుకు సంబంధించినది. కానీ గది నడిమధ్యన పెట్టకుండా దూలం ఉన్న గోడ వెంట, గోడకు సమాంతరంగా పెట్టడం వల్ల స్లాబుకు పడే వంపు చాలా తగ్గుతుంది. యజమాని హాలు మధ్యలో గదిని రెండుగా విడదీసేలా పెట్టాలనుకున్నారు, నేను ఒప్పుకోలేదు.

గోడ దగ్గర గచ్చు వాలు నాలుగడుగుల పొడవునా ఆరు మిల్లీమీటర్లు ఉంది. కాళ్ల కింద పీవీసీ ముక్కలు పెట్టి రసమట్టానికి తెచ్చాము. ముక్కలు ఎప్పుడూ కాళ్ల కిందే పెట్టాలి, ట్యాంకుకూ పైపలకకూ మధ్య అట్టముక్కలు దూర్చి మట్టం తేవడం అంటే గాజును రెండు మూడు బిందువుల మీద నిలబెట్టడమే. ట్యాంకు కింద 12 మిల్లీమీటర్ల థర్మాకోల్ పరిచాము. అది ఇసుక రేణువు, రంగు బొడిపె వంటి చిన్న లోపాలను మింగుతుంది గాని మెలి తిరిగిన స్టాండును సరిచేయదు.

నీటిని ఒక్కసారిగా నింపలేదు. ముందువైపు పై కమ్మి కింద రెండు కాళ్ల మధ్య సన్నని నైలాన్ దారం బిగించి, కమ్మి అడుగు నుంచి దారానికి ఉన్న దూరాన్ని ఖాళీగా ఉన్నప్పుడు గుర్తు పెట్టుకున్నాము. మూడో వంతు నింపి ఆగాము, మట్టం చూశాము, ఆపై మరో వంతు, చివరికి పూర్తిగా. నిండాక ముందు కమ్మి మధ్య భాగం దాదాపు అర మిల్లీమీటరు దిగింది. లెక్క 0.8 అన్నది, తేడాకు కారణం రెండు పొరల పైపలక కూడా కొంత మోయడం, నల్లమద్ది నేను తీసుకున్న విలువ కంటే గట్టిది కావడం. వెనుక వైపు కొలవదగిన వంపు లేదు, నిలువు ప్లైవుడ్ పలక అక్కడ ఉంది గనుక ఉండకూడదు కూడా. భుజంతో పొడవు దిశలో నెమ్మదిగా తోసినప్పుడు నీరు కదిలింది గాని కీళ్లలో చప్పుడు లేదు.

ఖర్చుల్లో కలప, ప్లైవుడ్, స్క్రూల లెక్క పైన చెప్పినదే. కోత, చిత్రిక కలిపి మిల్లుకు 400, జిగురుకు 200, రంగు, ప్రైమరు, గరుకు కాగితానికి 550, రబ్బరు మెత్తలు, పీవీసీ, థర్మాకోల్‌కు 150. మొత్తం 6,700 రూపాయలు. కూలి ఇందులో లేదు. ఇంకా తగ్గించాలంటే తగ్గించగలిగిన చోటు రంగు ఒక్కటే, అదీ బయటి రెండో పూత వరకే.

వానాకాలం గడిచాక వెళ్లి చూసినప్పుడు ముందు కమ్మి వంపు ఒక మిల్లీమీటరుకు చేరింది, ఊహించిన దారిలోనే ఉంది. వెనుక కాలి ఒకదాని అడుగున రబ్బరు మెత్త ఊడి, రంగు కాస్త లేచింది. కొత్త మెత్త అంటించి, ఆ మూలకు మళ్లీ ఎనామిల్ పట్టించాము. నిండిన ట్యాంకు ఉండగా కాలిని ఎత్తకూడదు కనుక నీటిని నాలుగో వంతుకు దించాకే ఆ పని చేశాము.

ఈ కొలతలనే ఐదడుగుల ట్యాంకుకు వాడవచ్చా అని ఆ ఉపాధ్యాయుడే తరువాత అడిగారు. వెడల్పు, ఎత్తు మారకపోయినా కాళ్ల మధ్య ఖాళీ 53 అంగుళాలకు పెరిగి, వంపు 0.8 నుంచి 2.3 మిల్లీమీటర్లకు పోతుంది, ఎందుకంటే వంపు ఖాళీ దూరానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఆ పొడవుకు ముందు వైపు మధ్య కాలు తప్పనిసరి, లేదా పై కమ్మి లోతు కనీసం ఐదంగుళాలు ఉండాలి. షీటు కూడా ఒకటి చాలదు.